పట్టాలు మోసుకెళ్లే ఊరు

మా బావ జావా దీవిలో ఒక పల్లెటూళ్లో ఉద్యోగం చేస్తున్నాడంటే, బెంగాల్లో మా రైల్వే ఊరు ఖరగ్‌పూర్ మొత్తమ్మీద నమ్మినవాళ్లు ముగ్గురు ఉంటారు. వాళ్లలో ఒకడు మా బావ. మిగతా ఇద్దరిలో నేను లేను.

ఎనభైలు ముగిసి తొంభైలు మొదలవుతున్న రోజుల సంగతి ఇది. బావ ఆవిరి ఇంజన్ల షెడ్డులో బాయిలర్ ఫిట్టర్. ఇంజను పొట్టలోకి దూరి, ఏ గొట్టం ఎక్కడ కారుతోందో చెవితో విని చెప్పగల మనిషి. అంత పనిమంతుడు కావడంలో ఒకటే ఇబ్బంది. ఆవిరి ఇంజన్లు ఒక్కొక్కటే తుక్కుకి పోతున్నాయి. షెడ్డులో మనుషులు ఎక్కువైపోయారు, ఇంజన్లు తక్కువైపోయాయి. మిగిలినవాళ్లని ఫ్యాన్లు బాగుచేసే సెక్షన్‌కి మారుస్తారని చెప్పుకునేవారు. బావ లెక్కలో ఫ్యాను బాగుచెయ్యడం పని కాదు, శిక్ష.

అలాంటప్పుడు కలకత్తాలో బాయిలర్ సామాన్లు అమ్మే ఒక వ్యాపారి కబురు పంపాడు. జావాలో ఒక పంచదార మిల్లు ఉందట. ఆ మిల్లుకి సొంత రైలు ఉందట. ఇంజన్లు ఇంకా ఆవిరివేనట. వాటిని చూసుకునే మనిషి కావాలట. బావ వారం తిరక్కుండా ఏడాదికి జీతం లేని సెలవు కోసం అర్జీ పెట్టాడు. ఆఫీసువాళ్లు అతన్ని దేవుడు పంపిన మనిషిలా చూసి వెంటనే సంతకం చేశారు. మావాళ్లకి మొదటి అనుమానం అక్కడే వచ్చింది. రైల్వేలో కాగితం అంత తొందరగా కదిలిందంటే దాని వెనక ఏదో ఉండి తీరాలి.

ఏడాది నిండేలోగా వచ్చి డ్యూటీలో చేరాలన్నది షరతు. చేరకపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతోపాటు పూరీ గేట్ దగ్గర ఉన్న క్వార్టరూ పోతుంది. ఆ క్వార్టర్లో మా అక్క, ఆరో తరగతి చదివే మేనకోడలు ఉండేవారు. నాన్న, నేను తాల్‌బగీచాలో ఉండేవాళ్లం. రిటైరయ్యాక నాన్న కట్టుకున్న రెండు గదుల ఇల్లది. అమ్మ అప్పటికే లేదు. నేను డిగ్రీ పాసై, పరీక్షలు రాస్తూ, ఫలితాల కోసం ఎదురుచూడడమే ఉద్యోగంగా పెట్టుకుని ఉన్నాను.

ఆరు నెలలయ్యాక బావ దగ్గర్నుంచి అక్కకి ఉత్తరం వచ్చింది. 'నన్ను ఇక్కడ పర్మనెంట్ చేస్తామంటున్నారు. ఇల్లు కూడా చూశాను. నువ్వూ అమ్మాయీ వచ్చెయ్యండి. మీరు సరేనంటే నేను రైల్వేకి రాజీనామా పంపిస్తాను.'

మా రైల్వే కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా బదిలీ కాగితం వస్తే, సామాను కట్టకముందే ఇంట్లో ఒకరు వెళ్లి ఆ ఊరు చూసిరావాలి. నీళ్లు ఎలా ఉన్నాయి, బడి ఎంత దూరం, చేపలు దొరుకుతాయా, స్టేషన్లో ఏ బండ్లు ఆగుతాయి. ఏ బండీ ఆగని ఊరికి మావాళ్లు పిల్లనే ఇవ్వరు, సంసారం ఎలా పంపుతారు? కానీ నాన్న ఫ్రీ పాసు జావా దాకా చెల్లదు. కాబట్టి ఆ ఊరిని ఉత్తరాల్లోంచే తనిఖీ చెయ్యాలని తీర్మానించారు. డిగ్రీ ఉంది, పని లేదు గనక తనిఖీ అధికారిగా నన్ను వేశారు.

పాత ఉత్తరాలన్నీ తెచ్చి మా అరుగు మీద పరిచాను. నాన్న, నాన్న స్నేహితుడు రిటైర్డు గార్డు బాబాయి, అక్క కూర్చున్నారు. పక్కింటి బెంగాలీ దీదీ ప్రహరీ అవతల నిలబడి బట్టలు ఆరేస్తూ వింది. ఆవిడకి తెలుగు సగమే వచ్చు. అనుమానానికి సగం చాలు.

నేను చదివాను. 'ఇక్కడ పెద్ద లైను ఊరి పక్కనుంచి పోతుంది. చెరకు కోసే పొలంలోకి మాత్రం పట్టాలు మోసుకెళ్లి పరుస్తారు. ఆ పొలం అయిపోతే ఊడదీసి ఇంకో పొలంలోకి మోసుకెళ్తారు. చెరకు బళ్లని గేదెలు పెద్ద లైను దాకా లాగుతాయి. అక్కణ్ణుంచి మన ఇంజను.'

నాన్న ముప్పై నాలుగేళ్లు లైను మీద గ్యాంగు మేస్త్రీగా పనిచేసిన మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంకోపాలి సదువు."

చదివాను.

"మోసుకెల్తారా?"

"మోసుకెళ్తారట."

"పట్టాలా?"

"పట్టాలే నాన్నా."

"ఒరే, పట్టా అంగుళం జరిగితే మాకు మెమో ఇచ్చీవోరు. ఈడు పొలంలోకి మోసుకెల్తారని రాస్తన్నాడు. ఈడు జావాలో లేడు. ఎక్కడో కూకొని కతలు రాస్తన్నాడు."

గార్డు బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అది సరే గానీ, టైం టేబిల్ గురించి ఏటి రాసినాడు?"

"టైం టేబిల్ లేదట బాబాయి. చెరకు కోత ఉన్న నెలల్లోనే నడుస్తుందట. మిగతా రోజులు షెడ్డులో ఉంటుందట."

"టైం టేబిల్ లేని రైలుకి లేటు ఎలాగ రాస్తారు?"

బాబాయి గెలిచినవాడిలా బీడీ ముట్టించాడు.

ఇంజన్లో బొగ్గు కాదు, చెరకు పిప్పి వేస్తారని ఇంకో ఉత్తరంలో ఉంది. షెడ్డులో బావ స్నేహితులకి ఈ ముక్క చెప్తే వాళ్లు నన్నే జాలిగా చూశారు. ముస్లిముల ఊళ్లో తెల్లవార్లూ పాండవుల తోలుబొమ్మలాట ఆడతారని ఉంది. దానికి బాబాయి నవ్వలేదు కూడా. చెరకు ఆడించడం మొదలుపెట్టే ముందు రెండు చెరకు గడలకి పెళ్లికూతురు, పెళ్లికొడుకు వేషాలు వేసి మేళతాళాలతో పెళ్లి చేస్తారని ఉంది. ఇది మాత్రం నాన్న ఒక్క క్షణం కూడా అనుమానించలేదు.

"సేస్తారు. ఎందుకు సెయ్యరు? మంచి పనే కదా."

ఉత్తరంతో ఒక ఫొటో కూడా పంపాడు. బావ గళ్ల లుంగీతో నిలబడ్డాడు. వెనక కొబ్బరి చెట్లు, వరి చేను, చిన్న చెరువు, ఒక పెంకుటిల్లు. నాన్న దాన్ని వెలుతురులోకి తిప్పి చూశాడు.

"ఇది సోంపేట అవతల మా మేనత్తోల ఊరు. ఆ గట్టు నాకు తెల్దా?"

దీదీ ప్రహరీ మీదనుంచి చెయ్యి చాచి ఫొటో తీసుకుంది. "ఎటా తో ఆమాదేర్ గ్రామ్! ఇది మా పుట్టినూరు, దాదా. ఈ పుకూర్‌లో నేను ఈత నేర్చినాను."

ఒకే చెరువు సోంపేటలోనూ, దీదీ వాళ్ల మేదినీపూర్‌లోనూ ఉండడం కష్టం. అయినా అది జావాలో లేదన్న విషయంలో మాత్రం ఇద్దరికీ భేదాభిప్రాయం లేదు.

అక్క అనుమానాలు వేరే దారిలో ఉండేవి. బావ మాకు మేనమామ కొడుకు, చిన్నప్పట్నుంచి ఎరిగిన మనిషి. అతను అబద్ధం చెప్పడని అక్కకి తెలుసు. అడగనిది చెప్పడనీ తెలుసు. ఉత్తరం వచ్చినప్పుడల్లా ముందు వాసన చూసేది.

"లవంగాల వాసనొస్తంది. బావ లవంగాలు నమల్డు. మరెవులు నములుతున్నట్టు?"

అక్కడివాళ్లు సిగరెట్లలో లవంగాలు వేసుకుంటారని, వాళ్ల పక్కన కూర్చుని రాస్తానని జవాబొచ్చింది. ఆ సంజాయిషీ ఎంత వింతగా ఉందంటే, నేనైతే ఇంకేదైనా నమ్మదగ్గ అబద్ధం ఆడేవాణ్ణి. ఒక ముసలామె ఇంట్లో అద్దెకి ఉంటున్నాడట. ఆవిడ సోయా గింజలకి బూజు పట్టించి, అచ్చు కట్టి, వేయించి పెడుతుందట. చాలా రుచిగా ఉంటుందట.

"బూజు పట్టింది తింతన్నాడా?" అని అక్క నోటిమీద చెయ్యి వేసుకుంది. "మనింట్లో పెరుగు పులిసిందని కంచం తోసేసీవోడు."

ఇంతలో గోల్ బజార్‌లో ఒకాయన బావని పక్కనున్న సాలువాలో చూశానన్నాడు. సాయుధ పోలీసుల క్యాంపు పక్క టీ కొట్లో, నీలం చొక్కా వేసుకుని కూర్చున్నాడట. నాన్నకి ఇది అన్నిటికంటే సబబుగా కనబడింది. జావా ఎక్కడుందో తెలీదు గానీ సాలువాకి సైకిలు మీద వెళ్లొచ్చు. నన్నే పంపించారు.

మిట్టమధ్యాహ్నం వెళ్లాను. క్యాంపు చుట్టూ ఉన్న పల్లెల్లో రెండుసార్లు తిరిగాను. మూడోసారి తిరుగుతుంటే ఒక జవాను ఆపాడు.

"కిస్‌కో ఢూంఢ్ రహే హో?"

బావని వెతుకుతున్నానన్నాను. మీ బావ ఎక్కడుంటాడని అడిగాడు. జావాలో, అన్నాను. జావాలో ఉన్నవాణ్ణి సాలువాలో ఎందుకు వెతుకుతున్నావన్నాడు. న్యాయమైన ప్రశ్న. చదువుకున్నవాడిలా ఉన్నావు, ఇంటికి వెళ్లు అని సలహా ఇచ్చాడు. నీలం చొక్కా మనిషి కనిపించాడు. అతను ఒడియావాడు, బావకంటే పదేళ్లు పెద్ద, నన్ను చూసి ఏమాత్రం కంగారుపడలేదు. ఇంటికొచ్చి సంగతి చెప్తే నాన్న ఒకటే అన్నాడు.

"నువ్వొస్తన్నావని ముందే తెలిసుంటాది."

సెలవు ముగియడానికి మూడు నెలలే మిగిలాయి. రాజీనామా పంపనా వద్దా అని బావ మళ్లీ రాశాడు. ఇక తాడోపేడో తేల్చాలని నాన్న, బాబాయి, నేను కూర్చుని ప్రశ్నలు తయారుచేశాం. మొత్తం ఇరవై రెండు. పట్టాల మధ్య వెడల్పు ఎంత? పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు కర్రవా, ఇనపవా? ఒక ముక్కని ఎంతమంది మోస్తారు? గార్డు ఉన్నాడా, ఉంటే జెండా ఏ రంగు? నీళ్లు బావివా, కొళాయివా? డాక్టరు ఎంత దూరం? తెలిసినవాళ్ల టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మూడు కార్బన్ కాపీలతో టైపు చేయించాను. చూడ్డానికి ప్రమాదం మీద విచారణ జరుపుతున్నట్టు ఉంది. పోస్టు చేసే ముందు అక్క కవరు తీసుకుని, బంక నేను అంటిస్తాను ఇటివ్వమంది. ఆ మాత్రం సాయానికి నేనేమీ అనుమానపడలేదు. ఆ ఏడాది నేను అనుమానపడనిది బహుశా అదొక్కటే.

నెల దాటాక అక్క పేరు మీద వచ్చిన లావుపాటి కవరు తనే విప్పి తెచ్చింది. ఇరవై రెండింటికీ వరసగా జవాబులున్నాయి. ఒక ఫొటో కూడా ఉంది. అందులో చెరకు మోళ్ల మధ్య నలుగురు మనుషులు నిచ్చెనలాంటి పట్టాల ముక్కని భుజాల మీద మోసుకెళ్తున్నారు. నాన్న ఆ ఫొటోని చాలాసేపు చూశాడు. దగ్గరికి పెట్టుకుని చూశాడు, దూరం పెట్టి చూశాడు. నన్ను అడిగి భూతద్దం తెప్పించుకున్నాడు.

"ఇనప స్లీపర్లు. పట్టాకి స్లీపర్ని బిగించేసినారు. అందుకే నిచ్చెన లాగ ఒక్కపాలే లేస్తంది." మళ్లీ చూశాడు. "ఎనకున్నోడు భుజం మార్చుకోవాల. నేకపోతే సాయంత్రానికి మెడ పట్టేస్తాది."

ఆ మాటతో జావా ఉందని తేలిపోయింది. మోసే మనిషి మెడనొప్పి గురించి దిగులుపడ్డాక ఆ ఊరు లేదనడం నాన్నవల్ల కాదు. బాబాయి కూడా లొంగిపోయాడు. గార్డు లేడని, చివరి బండి మీద ఒక మనిషి కూర్చుంటాడని, అతని దగ్గర ఎర్రగుడ్డ ఉంటుందని బావ రాశాడు. "అయితే ఆడే గార్డు," అని బాబాయి తీర్పు చెప్పాడు. నీళ్లు బావివి. డాక్టరు మిల్లులోనే ఉన్నాడు. ఇల్లు మిల్లుదే, రెండు గదులు, వెనక అరటి చెట్లు.

"ఎల్లు తల్లీ," అన్నాడు నాన్న అక్కతో. "మంచి ఊరిలాగే ఉంది. పర్మనెంటంతన్నారు కూడానూ."

అక్క అప్పుడు తన జాకెట్లోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి నాకిచ్చింది. కవరు ముందు తనే విప్పింది కదా, అందులోంచి తీసి దాచుకుంది.

"ఒరే, ఇదీ సదువు. గట్టిగా సదువు."

బావ దస్తూరీయే. కానీ ఇరవై రెండు జవాబులూ సిరాతో రాసినవాడు దీన్ని పెన్సిల్‌తో రాశాడు. ఏవో మూడు ప్రశ్నలకి జవాబులు. అవి మేం అడిగినవి కావు. బంక అంటించే వంకతో అక్క తన చీటీ లోపల పెట్టిందన్న సంగతి నాకప్పుడు తెలిసింది. ఆవిడ అడిగినవి ఇవి: నీకు అన్నం పెట్టే ముసలామె పిల్లలు ఎక్కడున్నారు? బళ్లో ఏ తరగతి దాకా ఉంది, పెద్ద తరగతిలో ఎందరున్నారు? నీ పని నీ దగ్గర ఎవరు నేర్చుకుంటున్నారు?

చదివాను. 'ముసలామెకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కొడుకులు పట్నంలో ఫ్యాక్టరీలో ఉన్నారు, పండక్కి వస్తారు. కూతురు అరబ్బు దేశంలో ఎవరింట్లోనో పనికి ఉంది. దాని పిల్లని ఈవిడే పెంచుతోంది. ఇక్కడ చాలా ఇళ్లు ఇంతే. బడి ఆరో తరగతి దాకా. పెద్ద తరగతిలో తొమ్మిదిమంది. తరవాత మినీ బస్సులో గంటన్నర వెళ్లాలి. నా దగ్గర పని నేర్చుకోడానికి ఇద్దరిని పెట్టారు. మొదటివాడు నెలన్నర ఉన్నాడు. రెండోవాడు అంత కూడా లేడు. ఇద్దరూ పట్నం పోయారు. ఇంకెవరూ రాలేదు. చెరకు తేవడానికి లారీలు వస్తాయని ఊళ్లో అనుకుంటున్నారు. నన్నెవరూ అడగలేదు, అందుకే ఇవి రాయలేదు.'

ప్రహరీ అవతల దీదీ బట్టలు దులపడం ఆపేసింది. నాన్న ఫొటో కింద పెట్టాడు.

"మరి పర్మనెంటని రాసినాడు కదే?"

"ఇక్కడ షెడ్డులో బావ పర్మనెంటు కాదేటి నాన్నా?"

నాన్న భూతద్దం నాకు తిరిగిచ్చేశాడు.

"ఆ ఊళ్లో పుట్టినోలే ఆ ఊళ్లో ఉండట్లేదు. ఉన్నోలు ముసలోలూ, ఆలకి వదిలేసిన పిల్లలూ. మినీ బస్సు ఊర్లోకొస్తే ఎక్కీవోలే గానీ దిగీవోలు లేరు. నాను నా పిల్లని తీసుకెల్లి ఆ బస్సు దిగాలా? ఇంకేడాది పోతే నా పిల్లా ఎక్కిపోతాది కదా?" అక్క నా వైపు తిరిగింది. "ఒరే, రమ్మని రాయి."

"కారణం ఏమని రాయను?"

"నానడిగింది బావకి తెలుసు. రమ్మని రాయి, సాలు."

పట్టాలు కదులుతాయంటే నాలుగు నెలలు కొట్టిపారేశాం. పర్మనెంటన్న మాట వినగానే ముగ్గురు మగవాళ్లం ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఇరవై రెండులో ఒక్కటి కూడా దాని గురించి లేదు. కార్బన్ కాపీలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి, అందుకే నమ్మకంగా చెప్తున్నాను.

రమ్మని రాశాను. జవాబు రాలేదు. సెలవు ముగియడానికి నెల ఉంది, తరవాత పది రోజులు ఉంది, తరవాత ఆరు. బావ రాజీనామా ముందే పంపేసి ఉంటాడా అని నాన్న ఆఫీసులో వాకబు చేశాడు. అలాంటి కాగితం రాలేదన్నారు. రాకపోవడానికీ, వచ్చి ఎవరి బల్ల మీదో ఉండడానికీ రైల్వేలో పెద్ద తేడా లేదు, కాబట్టి ఆ మాట మాకు ఊరట కాలేదు. నేను రోజూ మధ్యాహ్నం స్టేషన్‌కి వెళ్లి హౌరా నుంచి వచ్చే బండ్లు చూసేవాణ్ణి. మా ప్లాట్‌ఫారం పొడవంటే ఊళ్లో అందరికీ గర్వం. దాని మీద ఒక మనిషిని వెతకాల్సి వచ్చినప్పుడు ఆ గర్వం ఎందుకూ పనికిరాదు.

నాలుగు రోజులు మిగిలి ఉండగా నేను ముందు కొసన చూస్తుంటే బావ వెనక కొసన దిగి, నా కళ్ల పడకుండానే ఇంటికి వెళ్లిపోయాడు. నేను వెళ్లేసరికి క్వార్టర్లో కూర్చుని చారూ అన్నం తింటున్నాడు. నల్లబడ్డాడు. అక్క ఎదురుగా కూర్చుని వడ్డిస్తోంది. ఏడ్చిన గుర్తులు ఇద్దరి ముఖాల్లోనూ లేవు.

"నానడక్కపోతే?" అంది అక్క, నేనున్నానని కూడా చూడకుండా. "ఆ ముక్కలు రాయకుండానే మమ్మల్ని రమ్మనీవోడివా?"

బావ చారు కలుపుకున్నాడు.

"అక్కడ ఇంజను నా మాట ఇనీది," అన్నాడు.

అక్క ఇంకో గరిటె అన్నం వేసింది. అతను వద్దనలేదు.

బావ గడువులోగానే డ్యూటీలో చేరాడు. షెడ్డు ఆ తరవాత ఎక్కువ రోజులు నడవలేదు. అనుకున్నట్టే అతన్ని ఫ్యాన్ల సెక్షన్‌లో వేశారు. రైలు పెట్టెల ఫ్యాన్లు విప్పి, తుడిచి, బిగించేవాడు. చెవి దగ్గర పెట్టుకుని వినడం మాత్రం మానలేదు. తోటివాళ్లు నవ్వేవారు.

వచ్చిన మర్నాడే అక్క అతని పాస్‌పోర్టు తీసి తన పెట్టెలో, చీరల అడుగున పెట్టి తాళం వేసింది. అది అక్కడే గడువు తీరిపోయింది. ఇన్నేళ్లలో బావ దాన్ని ఒక్కసారి కూడా అడగలేదట. అక్క ఆ మాట నాతో రెండు మూడుసార్లు అంది. సంతోషంగా అనలేదు. అడగని మనిషి మనసులో ఏముందో అడిగి తెలుసుకునే ప్రశ్న ఏదైనా ఉందేమో చూడమని నన్నడిగింది, డిగ్రీ చదివినవాణ్ణి కదా అని. ఇంకా ఆలోచిస్తున్నాను.